అంగిట్లో నిప్పు

కళింగపట్నం ఒడ్డున నెత్తళ్ళు ఎండేసే ఆడవాళ్ళ నోట్లోంచి పొగ వస్తుంది గాని నిప్పు కనిపించదు. కొత్తగా చూసినవాళ్ళు అదేదో గారడీ అనుకుంటారు. చుట్ట వెలిగించి, రెండుసార్లు గట్టిగా పీల్చి, నిప్పున్న కొనను నోటి లోపలికి తిప్పి పెదాలు మూసేస్తారు. దాన్నే అడ్డపొగ అంటారు. అలా పెట్టుకుంటే సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు. చేపల తడి చేతులతో దాన్ని మాటిమాటికీ ముట్టుకోనక్కర్లేదు. చేతులు రెండూ నెత్తళ్ళ మీద ఉంటాయి, నోరు తన పని తాను చేసుకుపోతుంది.

గున్నమ్మకి ఇది నేర్పింది ఆమె అప్ప, అంటే సొంత అక్క, జగ్గమ్మ. అప్పటికి గున్నమ్మకి పదకొండేళ్ళు. మొదటిరోజే అంగిలి కాలి బొబ్బలెక్కింది. మూడు రోజులు అన్నం ముద్ద దిగలేదు. జగ్గమ్మ చల్లటి చోడి అంబలి పోసి, పక్కన కూర్చుని నవ్వింది.

"ఒకపాలి కాలిందంటే మరింక కాలదే గుంటా. అంగిటికి అలవాటైపోతాది."

అప్ప మాట నిజమే. వారం తిరిగేసరికి కాలడం మానేసింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ అంగిలికి ఇంకేదీ తెలియకుండా పోయింది. పొయ్యి మీంచి దించిన టీని గున్నమ్మ ఊదకుండా రెండు గుక్కల్లో తాగేస్తుంటే, పక్కనున్న మరిడమ్మ చూసి, "నీది నోరు కాదప్పా, ఇటకల బట్టీ" అనేది. గున్నమ్మకి అదొక బిరుదులా ఉండేది.

జగ్గమ్మ ఆరేళ్ళు పెద్దది. తల్లి పోయాక గున్నమ్మకి తల దువ్వి, గంప ఎత్తడం నేర్పి, పెళ్ళి చేసి పంపింది ఆవిడే. నలభై ఆరో ఏట జగ్గమ్మ అంగిట్లో పెసరగింజంత మచ్చ లేచింది. ఎవరికీ చెప్పలేదు. అది పుండయింది, పుండు కన్నమయింది. నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి. అయినా గంపెత్తుకుని ఊళ్ళు తిరిగేది, బేరాలాడేది, గొంతు మాత్రం ముక్కుతో మాట్లాడినట్టు మారింది. ఒకరోజు బడి దగ్గర డాక్టర్ల క్యాంపు పెడితే, ఎవరో చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళారు. లోపలికి టార్చి వేసిన కుర్ర డాక్టరు ఇంకో డాక్టర్ని పిలిచాడు. ఆయనా చూశాడు. నెల తిరక్కుండా విశాఖపట్నం తీసుకెళ్ళి పైదవడ సగం తీసేశారు. ముఖానికి తువ్వాలు కట్టుకుని ఇంటికొచ్చిన జగ్గమ్మ ఎనిమిది నెలలు బతికింది. ఆ ఎనిమిది నెలలూ ఆవిడకి గొట్టంతో గంజి పోసింది గున్నమ్మే.

అప్ప చావులోంచి ఎవరైనా చుట్ట మానెయ్యాలన్న పాఠం నేర్చుకుంటారు. గున్నమ్మ నేర్చుకున్నది వేరు. ఆవిడ చూసిన వరస ఇది. అప్ప కన్నంతోనే గంప మోసింది, నవ్వింది, తిట్టింది. టార్చి పడ్డాక మంచం ఎక్కింది.

"సూడనంతకాలం బాగానే ఉన్నాది. సూసినారు, పోనాది" అనేది ఎవరైనా జగ్గమ్మ సంగతి ఎత్తితే.

ఆ మాట పేటంతా పాకింది. పేటలో ఆడవాళ్ళు ఆ మాట కాదనలేదు. కాదనడానికి వాళ్ళ దగ్గర మాత్రం ఇంకే వరస ఉంది గనక.

ఆ తర్వాత ఏడాదికో, రెండేళ్ళకో డాక్టర్ల వ్యాను వస్తూనే ఉండేది. తెల్లకోట్ల పిల్లలు దిగి, బల్లలు వేసి, "మామ్మా రండి, అత్తా రండి, నోరు చూపించండి" అని పిలిచేవారు. వ్యాను మలుపు తిరుగుతుండగానే గున్నమ్మ గంపెత్తుకుని వంశధార సముద్రంలో కలిసే మొగ వైపు నడక మొదలెట్టేది. ఆవిడ వెనక మరిడమ్మ, మరిడమ్మ వెనక ఇంకో నలుగురు.

"ఎక్కడికే అందరూ?" అని ఎదురొచ్చిన మగవాళ్ళు అడిగితే, "మీ పెళ్ళాలకి పళ్ళు లెక్కెట్టడానికొచ్చినారు. మీరెళ్ళి కూకోండి" అని మరిడమ్మ జవాబిచ్చేది.

గున్నమ్మ అశ్రద్ధ మనిషి అనుకుంటే పొరపాటు. ఆవిడ ఎండేసిన నెత్తళ్ళలో ఇసుక రేణువు దొరికేది కాదు. ఉదయం పరిచినవి మధ్యాహ్నానికి తిరగెయ్యాలి, మంచు దిగకముందే ఎత్తాలి. ఒక్క చేప తడిగా ఉండిపోయినా గంపంతా ముక్కిపోతుందని కోడలు దుర్గకి పెళ్ళయిన మర్నాడే చెప్పింది. కొడుకు నాగబాబు ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీద ఉంటాడు. ఇల్లు నడిపింది ఈ ఇద్దరు ఆడవాళ్ళే. చేప సంగతి అంత బాగా తెలిసిన మనిషి తన నోటి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

యాభై దాటాక కింది దవడ పళ్ళు కదలడం మొదలెట్టాయి. తోముతుంటే చిగుళ్ళలోంచి రక్తం వచ్చేది. తర్వాత నొక్కితే చీము వచ్చేది. పన్ను సలిపిన రోజున గున్నమ్మ ఇంకో చుట్ట ఎక్కువ కాల్చేది. పంటిలో పురుగుంటే పొగకి చస్తుందని పెద్దవాళ్ళు చెప్పిన మాట. పురుగు చచ్చిందో లేదో గాని, పొగ పట్టినంతసేపూ నొప్పి మొద్దుబారేది. దాంతో వైద్యం పనిచేస్తున్నట్టే ఉండేది. రొట్టె మానేసింది. వేయించిన చేప మానేసింది. అన్నం పులుసులో పిసికి మింగేది. మాట్లాడేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అత్తకి వయసొచ్చాక సిగ్గొచ్చిందని దుర్గ నవ్వుకుంది.

నిజానికి గున్నమ్మకి సిగ్గు కాదు, భయం. నాలుక చివరతో అంగిలిని తడిమి చూసుకునేది, రోజుకి పదిసార్లు. అక్కడ మందంగా, గరుగ్గా, ఎండిన తోలులా ఏదో తగిలేది. అదే మచ్చ అనుకుంది. చిగుళ్ళ చీమూ ఆ మచ్చదే అనుకుంది. నోరు చూపిస్తే అప్పలాగే తనకీ తువ్వాలు కడతారు. చూపించకపోతే ఇంకొన్నాళ్ళు గంపెత్తొచ్చు. లెక్క అంతే.

ఆ రోజుల్లోనే ఊళ్ళో ఏఎన్ఎం అనూరాధ వేలికి సూది గుచ్చి, షుగరుందని తేల్చింది. బిళ్ళలిచ్చింది. గున్నమ్మ ఒక్కపూటా తప్పకుండా మింగింది. టీలో పంచదార మానింది. అరిసె ముట్టలేదు. పెళ్ళి భోజనంలో పక్కవాళ్ళ విస్తట్లో బూరెలు చూసి ముఖం తిప్పుకుంది. అయినా మూడు నెలలకి చూస్తే మూడొందల పది.

"పిన్నీ, బిళ్ళ వేస్తున్నావా, పారేస్తున్నావా?" అంది అనూరాధ.

"ఏత్తన్నానమ్మా. కావాలంటే మా కోడల్నడుగు."

"బిళ్ళ ఏత్తాది గాని, నాను బయటికెల్లినాక ఏటి తింతాదో ఎవులికి తెలుసు" అంది దుర్గ. "మొన్న బెల్లం డబ్బా మూత వదులుగా ఉన్నాది."

"ఓసి నీ బెల్లం బంగారం గాను. పళ్ళు నేని దానికి బెల్లవెందుకే" అనబోయి, గున్నమ్మ మాట మింగేసింది. పళ్ళ సంగతి ఎత్తితే చూపించమంటారు. బెల్లం దొంగ అనిపించుకోవడమే నయమనుకుంది.

"తిన్నానే. ఒక్క ముక్క తిన్నాను" అంది.

తినని బెల్లం తిన్నానని ఒప్పుకున్న ఆ రోజు గురించి చెప్పేటప్పుడు గున్నమ్మ ఇప్పటికీ కొంచెం నవ్వుతుంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.

బిళ్ళ డోసు పెరిగింది. షుగరు కాస్త దిగినట్టు దిగి మళ్ళీ ఎక్కింది. గున్నమ్మ బరువు తగ్గింది. తల దిమ్ముగా ఉండేది. పాదాలకి ఇసుక వేడి తెలియడం మానేసింది. అంగిలి లాగే అరికాలు కూడా అలవాటు పడిందనుకుంది.

ఒక కార్తీక మాసంలో, వలలోంచి విడిపిస్తున్న జెల్ల ఒకటి ఇసుకలో పడింది. జెల్ల ముల్లు ఎంత పాడుదో ఒడ్డున పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. గుచ్చుకుంటే ఆ రోజంతా ప్రాణం పోతుంది. గున్నమ్మ దాని మీద కాలేసింది. ముల్లు బొటనవేలి పక్కన దిగింది. ఆవిడ మాత్రం నడుస్తూనే ఉంది.

"అప్పా, రగతం" అంది మరిడమ్మ.

వంగి చూసుకుంటే తప్ప తెలియలేదు. ముల్లు లాగి పారేసి, పసుపూ చుట్ట బూడిదా కలిపి అద్దింది. నాలుగు రోజులకి వేలు వంకాయలా నల్లబడింది.

శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. బొటనవేలు తీసేశారు. రోజూ కట్టు విప్పి, కడిగి, మళ్ళీ కట్టేవారు. పుండు ఒకవైపు ఎర్రబడి మానుతున్నట్టే ఉండేది, ఇంకోవైపు పాకేది. ఇన్సులిన్ పొడుస్తున్నా షుగరు మాట వినడం లేదు. వార్డు డాక్టరు, నలభై ఏళ్ళాయన, కేసు షీటు తిప్పి తిప్పి చూసి మంచం దగ్గర స్టూలేసుకుని కూర్చున్నాడు.

"అమ్మా, షుగరు ఇంత మొండికేస్తుందంటే లోపల ఇంకెక్కడో చీముండాలి. చెప్పండి. మూత్రంలో మంట ఉందా?"

"నేదు బాబూ."

"వీపు మీద గడ్డలు, చంకలో కురుపులు?"

"నేవు."

"పళ్ళెలా ఉన్నాయి? చిగుళ్ళు వాచాయా? ఏదీ, నోరొకసారి తెరవండి."

ఆయన కోటు జేబులోంచి చిన్న టార్చి తీశాడు.

గున్నమ్మకి ఆ టార్చి మాత్రమే కనిపించింది. బడి దగ్గర బల్ల, కుర్ర డాక్టరు, అప్ప తువ్వాలు, అన్నీ ఆ వెలుతుర్లో ఉన్నాయి. కొంగు నోటికి గట్టిగా అడ్డం పెట్టుకుంది.

"పళ్ళు ఇనప గుళ్ళు బాబూ నాకు. ఒక్కటీ కదల్నేదు. ఇప్పుడు కడుపులో తిప్పతన్నాది, నోరు తెరిస్తే కక్కేత్తాను."

అవతల మంచం మీది మనిషికి ఊపిరాడ్డం లేదని నర్సు పిలిచింది. ఆయన లేస్తూ దుర్గ వైపు చూశాడు.

"నిజమేనా అమ్మా? మీ అత్తగారికి పంటి బాధలేమీ లేవా?"

దుర్గకి నిజంగానే తెలియదు. "నేవండి. సెరుకు గెడ నమిలే నోరండి మా అత్తది" అంది గర్వంగా. అది పదేళ్ళ కిందటి సంగతని ఆమెకి తోచలేదు.

మర్నాడూ ఆయన అడిగాడు. మర్నాడూ ఆవిడ అదే చెప్పింది.

ఆదివారం నాడు, పుండు తగ్గుముఖం పట్టిందనిపించి ఇంటికి పంపారు. దారిలో దుర్గ ఆటోని అరసవల్లి తిప్పించింది. సూర్యనారాయణ స్వామి ఒంటి బాధలు తీరుస్తాడు గదా అని. జనంలో అత్తని కట్టు కాలుతో నడిపించలేక, గుడి ఎదురుగా ఆటోలోనే కూర్చోబెట్టి తను లోపలికి వెళ్ళింది. గున్నమ్మ ఆటోలోంచే చేతులు జోడించింది. కాలు బాగవ్వాలని మొక్కుకుందనే దుర్గ అనుకుంది.

"నా నోరు ఎవులి కంటా పడకుండా సూడు తండ్రీ. కాలుదేవుంది, మానుతాది." ఆవిడ మొక్కింది ఇది.

ఇరవై రోజులు తిరగలేదు. చలిజ్వరం వచ్చింది. పాదం మడమ దాకా నల్లబడి వాసన కొట్టింది. అదే ఆసుపత్రికి తిరిగి తీసుకెళ్ళేసరికి, పాత డాక్టరు కట్టు విప్పి చూసి, మళ్ళీ కట్టేశాడు. మోకాలి కింద దాకా తీసెయ్యాలన్నాడు. తియ్యకపోతే మనిషి దక్కదన్నాడు.

గున్నమ్మ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. కాలు లేకపోతే గంప లేదు. మొగ దాకా నడక లేదు. సూరీడు వాలేవేళ నెత్తళ్ళు ఎత్తడానికి కోడలితో పోటీ లేదు. నాగబాబు ఫోన్లో ఏడుస్తుంటే, "ఏడకురా. ఒక కాలుతో కొంగ నిలబడ్డంలేదేటి" అంది. ఫోన్ పెట్టేశాక గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆపరేషన్ రోజు పొద్దున మత్తు డాక్టరు వచ్చాడు.

"నోరు తెరవండమ్మా."

"కాలుకి గదా బాబూ."

"కాలికైనా చేతికైనా, మత్తు అవసరపడితే గొంతులో గొట్టం వెయ్యాలి. ఊడే పన్నుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తెరవండి."

ఇక కొంగు అడ్డం పెట్టుకోవడానికి ఓపిక లేదు. వయసులో చిన్నవాడు, గడ్డం పట్టుకుని కిందికి లాగాడు. ఆ వాసనకి తల వెనక్కి తీసుకుని, వెంటనే ఏమీ జరగనట్టు మళ్ళీ వంగాడు. వేలితో ఒక పన్ను కదిపాడు. పంటి చుట్టూ చీము ఊరింది. ఆయన ఎవరికో కబురు పెట్టాడు. గున్నమ్మ కళ్ళు మూసుకుంది. అప్పకీ అలాగే ఇంకో డాక్టర్ని పిలిచారు.

వచ్చింది పళ్ళ డాక్టరు కౌముది. విజయనగరం అమ్మాయి, ముప్ఫై లోపు. మంచం అంచున కూర్చుని, టార్చి వేసి, చిన్న అద్దం పెట్టి, తొందరేమీ లేనట్టు చూసింది. ముందు చిగుళ్ళు చూసింది, తర్వాత అంగిలి. అంగిలి దగ్గర చాలాసేపు ఆగింది. గున్నమ్మ చెయ్యి దుప్పటిని పట్టుకుని వదల్లేదు.

"అడ్డపొగేనా మామ్మా? ఎన్నాళ్ళ నుంచి?"

"సిన్నప్పట్నుంచీ అమ్మా. సెప్పీ. మచ్చ ఎంత పెద్దదైనాది?"

"ఏం మచ్చ?"

"మా అప్పకి లేసినాది గదా. ఆ మచ్చ."

కౌముది మళ్ళీ వంగి చూసింది. "కాలి కాలి తోలు మందమెక్కి తెల్లబడింది. పైనంతా ఎర్ర చుక్కలున్నాయి. పుండు లేదు, గడ్డ లేదు. నాకైతే క్యాన్సర్‌లా కనిపించడం లేదు. ఎందుకైనా మంచిది, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాను. చుట్ట మాత్రం ఇవాళ్టితో ఆఖరు. మానకపోతే రేపు రాదని నేను చెప్పలేను."

"నేదా?" అంది గున్నమ్మ. అర్థం కానట్టు ఇంకోసారి అడిగింది. "అంగిట్లో ఏటీ నేదా?"

"అంగిట్లో లేదు. ఉన్నదంతా చిగుళ్ళలో ఉంది. పదకొండు పళ్ళ కింద చీముంది. ఇది ఏళ్ళ నాటిది. ఇంత చీము ఒంట్లో పెట్టుకుంటే షుగరు ఎలా దిగుతుంది మామ్మా? ఆ చీముతో ఒళ్ళు రోజంతా పోట్లాడుతూనే ఉంటుంది, మందు పనిచెయ్యనివ్వదు. షుగరు దిగకపోతే పుండు మానదు. షుగరు ఎక్కువుంటే చిగుళ్ళు ఇంకా చీము పడతాయి. ఒకదాన్నొకటి మేపుతుంటాయి."

దుర్గ మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. బెల్లం డబ్బా గుర్తొచ్చిందో ఏమో, తల దించుకుంది.

గున్నమ్మ, నేర్చుకుందామని అడిగే పిల్లలా అడిగింది.

"అమ్మా, ఆ ముల్లు దిగినప్పుడే నాను నోరు సూపించుంటే, కాలుండీదా?"

కౌముది టార్చి ఆర్పి జేబులో పెట్టుకుంది. ఆ పిల్లకి అబద్ధం చేతకాలేదు.

"కచ్చితంగా చెప్పలేను మామ్మా. పాదాల్లో స్పర్శ పోయింది, దానికి షుగరొక్కటే చాలు. కానీ పళ్ళు తీసేసి, షుగరు అదుపులో పెట్టి ఉంటే, పుండు మానడానికి మంచి అవకాశమే ఉండేది."

"ఇప్పుడు తీసేత్తే?"

"ఇప్పుడూ తియ్యాలి. కాలు ఆగేలా లేదు, ముందు దాని పని చూస్తారు. కుదుటపడ్డాక నెమ్మదిగా పళ్ళు తీస్తాను."

ఆ మధ్యాహ్నం కాలు తీసేశారు. తర్వాత నెలలో మూడు విడతలుగా పదకొండు పళ్ళూ తీసేశారు. పరీక్షకి పంపిన ముక్కలో ఏమీ లేదని కాగితం వచ్చింది. దుర్గ చదివి చెప్తుంటే గున్నమ్మ ఆ కాగితాన్ని చేత్తో తీసుకుని, అక్షరాలు రాకపోయినా కింది నుంచి పైదాకా చూసింది. అప్పకి వచ్చింది తనకీ వచ్చిందన్న నమ్మకంతో ఏడేళ్ళు కాపలా కాసింది. ఆ కాపలాలో దొంగ వేరే గుమ్మంలోంచి వచ్చి కాలు పట్టుకుపోయాడు.

అన్నిటికంటే కడుపు మండించింది తర్వాతి సంగతి. పళ్ళు పోయిన ఆరువారాలకి షుగరు నూట ముప్ఫై ఎనిమిది. అనూరాధ మిషను చెడిపోయిందేమోనని ఇంకో వేలికి గుచ్చింది. నూట నలభై. మోకాలి కింద కుట్లు పడుచు పిల్ల ఒంట్లో మానినట్టు మానిపోయాయి. జ్వరం లేదు, దిమ్ము లేదు. మెత్తటి అన్నమే అయినా ముఖం నిండింది.

"బాగున్నావే పిన్నీ. పదేళ్ళు తగ్గినావు" అంది అనూరాధ.

"అవునమ్మా. ఇంత బాగుంటాననుకోనేదు" అని, గున్నమ్మ కాలు లేనివైపు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

చుట్ట మానేసింది. మానడం గొప్పేమీ కాదంటుంది, పట్టుకోవడానికి కింది పళ్ళే లేవు గదా అని. చేతులకి మాత్రం మానడం రాలేదు. కూర్చున్నచోట వేళ్ళు తమంతట తాము ఏదో చుడుతుంటాయి.

ఇప్పుడు దుర్గ ఆవిణ్ణి పొద్దున్నే తెచ్చి ఒడ్డున టార్పాలిన్ మీద కూర్చోబెడుతుంది. ముందు పోసిన చేపల్లోంచి పీతలూ గవ్వలూ ఏరి, నెత్తళ్ళు వేరు చేస్తుంది గున్నమ్మ. ఎండేసేదీ తిరగేసేదీ దుర్గా, మరిడమ్మా. పక్కన కూర్చున్నప్పుడల్లా మరిడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడడం గున్నమ్మ గమనించింది. ఒకరోజు గాలి అటునుంచి ఇటు తిరిగింది. ఆ వాసన ఏమిటో గున్నమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏళ్ళ తరబడి తన నోట్లో ఉన్నదే.

మరుసటి ఏడాది మాఘమాసంలో డాక్టర్ల వ్యాను వచ్చింది. గున్నమ్మ టార్పాలిన్ మీద నుంచే చూసింది. వ్యాను మలుపు తిరగగానే గంపలు లేచాయి. మొగ వైపు.

"మరిడీ, ఆగే" అంది గున్నమ్మ.

మరిడమ్మ ఆగింది. గంప నెత్తి మీద ఉంది. మూసిన పెదాల మధ్యనుంచి పొగ వస్తోంది.

"నువ్వెళ్ళి సూపించుకోయే."

మరిడమ్మ చుట్ట తీసి, తిప్పి చూసుకుని, చేతిలో పట్టుకుంది. "నాకేటైనాదప్పా. బాగానే ఉన్నాను."

"కంపు కొడతన్నాదే నీ నోరు. పళ్ళు కదల్తన్నాయి కదూ. కింద దవడవి."

"నీకెలగ తెలుసు?"

"నాకే తెలుసు. మొన్న అనూరాధ నీకూ షుగరని సెప్పినాది గదా. నా మాటినే. అంగిట్లో ఏటీ ఉండదే, ఊరికే బయపడతన్నావు. సిగుళ్ళే. పీకేత్తే అయిపోతాది."

మరిడమ్మ ఇటూ అటూ చూసింది. మిగతావాళ్ళు ముందుకెళ్ళిపోయి ఆమె కోసం నిలబడ్డారు. ఆమె గొంతులో వెటకారం లేదు. ఉంటే గున్నమ్మకి జవాబివ్వడం తేలికయ్యేది. జాలి ఉంది.

"అప్పా, నువ్వెన్నాళ్ళు సూపించనేదో అన్నాళ్ళూ నడిసినావు. మా అందరికంటే ముందు నడిసినావు. పొద్దున్న నోరు సూసినారు. మద్దేన్నానికి కాలు తీసేసినారు." మెల్లగా అంది. "నువ్వే గదప్పా మాకు సెప్పినావు, సూడనంతకాలం బాగానే ఉంటాదని."

గున్నమ్మ నోరు తెరిచింది. షుగరు గురించి, చీము గురించి, ఒకదాన్నొకటి మేపడం గురించి కౌముది చెప్పిందంతా వరసగా నాలుక మీదికి వచ్చింది. కానీ మరిడమ్మ చెప్పిన వరసా నిజంగా జరిగిందే. అది తను కట్టిన వరసే. ఏళ్ళ తరబడి తనే పేటంతా పంచిపెట్టింది.

"అది తప్పే మరిడీ" అంది చివరికి.

"సర్లే అప్పా. మల్లీ వొస్తాను గదా, అప్పుడు మాటాడదాం."

మరిడమ్మ చుట్ట కొనను లోపలికి తిప్పి పెదాలు మూసింది. గంప సర్దుకుని మిగతావాళ్ళ వెనక నడిచింది. గున్నమ్మ లేవబోయింది. ఇన్ని నెలలైనా ఆ లేని కాలు ముందుగా కదులుతుంది. అరచేతులు టార్పాలిన్ మీద ఆన్చి, మళ్ళీ కూలబడింది.

మొగ దాకా ఇసుక తడిగా ఉంది. ఆడవాళ్ళు వెళ్ళినంత మేరా అడుగులు పడ్డాయి, కుడీ ఎడమా, లోతుగా, గంప బరువుకి దిగిన అడుగులు. గున్నమ్మ కాసేపు వాటినే చూసి, ఒళ్ళోకి చేపల కుప్ప లాక్కుని, గవ్వలు ఏరడం మొదలెట్టింది.